బర్రెకు రెండు బరువులుండవు

గౌలిపురలో పాల సుశీలమ్మ ఇల్లు ఏదని అడిగితే చిన్నపిల్లలైనా చూపిస్తారు. సందు చివర ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల తబేలా. ఒకప్పుడు ఆ తబేలాలో పద్నాలుగు బర్రెలుండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగేళ్ల కింద భర్త బాలనర్సింహ పోయాక కొడుకు మున్నా అన్నింటినీ అమ్మేద్దామన్నాడు. సుశీలమ్మ పదకొండింటిని అమ్మనిచ్చింది. చివరి మూడింటి దగ్గర మొండికేసింది. "గివి గూడ పోతే పొద్దుగాల లేచి నేనేం చెయ్యాలె?" అంది. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె మొదట్నుంచీ తక్కువ మాట్లాడే మనిషి. భర్త పోయాక ఆ కాస్తా తగ్గింది.

నందిని ఆ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లయింది. పుట్టిల్లు దూరమేం కాదు, శాలిబండ. తండ్రి స్కూలు బ్యాగులు కుట్టే చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. నందిని డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. మూడు ఇంటర్వ్యూల్లో తప్పి, నాలుగోదాంట్లో టెస్టర్‌గా నౌకరి తెచ్చుకుంది. ఎవరో రాసిన ప్రోగ్రాంకు ప్రశ్న ఇచ్చి, అది చెప్పిన జవాబు సరిగ్గా ఉందో లేదో చూడటం ఆమె పని. వేల ప్రశ్నలు చేత్తో చూడలేరు కాబట్టి, ఆ చూసే పనిని కూడా ఇంకో ప్రోగ్రాం రాసి దానిచేత చేయించేది. ప్రోగ్రాం రాయడం రానివాళ్లే టెస్టింగ్‌లో చేరతారని ఆఫీసులో వెనక అనుకునేవాళ్లు. నందిని విని ఊరుకునేది.

అత్తాకోడళ్ల మధ్య లొల్లి లేదు. అలాగని దగ్గరితనమూ లేదు. తెల్లవారకముందే సుశీలమ్మ తబేలాలో ఉండేది. ఎనిమిదింటికల్లా నందిని డబ్బా కట్టుకుని షేర్ ఆటో ఎక్కేది. "తిన్నవా?" అని ఈమె, "తిన్న అత్తమ్మా" అని ఆమె. కోడలు ఏం నౌకరి చేస్తదని ఎవరైనా అడిగితే సుశీలమ్మ, "కంప్యూటర్‌ల చెకింగ్" అని చెప్పి పాల క్యాను మూత బిగించుకునేది.

నందిని మొదటి కంపెనీలో పరీక్షల మార్కులు కూడే సాఫ్ట్‌వేర్ ఉండేది. నలభై అయిదూ ముప్పై ఎనిమిదీ కలిస్తే ఎనభై మూడు రావాలి. రాకపోతే తప్పు. అక్కడ ఆమెకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. రెండేళ్ల కింద మాదాపూర్‌లో పద్దెనిమిది మంది పనిచేసే ఒక చిన్న కంపెనీకి మారింది. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఆ కంపెనీ పశువైద్యుల కోసం ఒక యాప్ తయారుచేస్తోంది. పశువును పక్కనుంచి ఫోటో తీస్తే దాని బరువు ఎంతో చెబుతుంది. ఊళ్లలో బర్రెను నిలబెట్టి తూచే కాటాలు ఎక్కడుంటాయి? కానీ నట్టల మందు బరువును బట్టి పోయాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే పశువుకే ప్రమాదం. అందుకని ఆ యాప్ మంచి ఉద్దేశంతోనే పుట్టింది.

నందిని మొదటిరోజే అడిగింది. "ఈ ఫోటోకు నాలుగు వందల పన్నెండు కిలోలు అని వచ్చింది సర్. కరెక్ట్ ఆన్సర్ ఎంత?"

టీం లీడ్ పురుషోత్తం నవ్వాడు. "అది తెలిస్తే యాప్ ఎందుకమ్మా? కాటా మీద తూచిన పశువులు మన దగ్గర కొన్ని వందలే ఉన్నాయి. వాటితోనే ప్రోగ్రాంకు నేర్పించాం. మిగతా వేల ఫోటోల అసలు బరువు ఎవరికీ తెలియదు. నువ్వు ఒక పని చెయ్. పోయిన వర్షన్ ఇచ్చిన అంకెనే రైట్ అనుకో. కొత్త వర్షన్ దానికి దగ్గరగా ఇస్తే పాస్."

ఆమె అలాగే చేసింది. రెండు వేల నాలుగు వందల ఫోటోలకు రెండు వేల నాలుగు వందల టెస్టులు రాసింది. రోజూ అన్నీ పాసై, తెర మీద పచ్చగా వచ్చేవి. పచ్చగా వస్తే టెస్టర్ సంతోషపడాలి. నందిని మాత్రం సంతోషపడలేకపోయింది. యాప్ నిన్న తప్పు చెప్పి, ఇవాళ కూడా అదే తప్పు చెబితే తన టెస్టు దాన్ని పాస్ చేస్తుంది కదా అనిపించేది. ఎవరితో అనాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోన్ పట్టుకుని తబేలాలోకి వెళ్లింది. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క అనే బర్రెను ఫోటో తీసింది. పేడ ఎత్తుతున్న సుశీలమ్మ ఆగి చూసింది.

"ఏందే, దానికి ఫోటోలు?"

"మా ఆఫీస్ పనే అత్తమ్మా. ఫోటో చూసి బరువు చెప్తదిది."

"ఎంత చెప్తది మరి?"

"నాలుగు వందల ఆరు కిలోలు."

సుశీలమ్మ చేతులు కడుక్కుని దగ్గరికొచ్చింది. "కరెక్టేనా?"

"గదే తెల్వది. కరెక్టో కాదో చూసుడే నా పని. కానీ అసలెంతో నాకు తెల్వదు."

సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగేళ్లలో నందిని ఆ నవ్వు వినలేదు. "గిదేం నౌకరి బిడ్డా! జవాబు తెల్వకుంట పేపర్ దిద్దుడా?"

నందినికీ నవ్వొచ్చింది. అంతలో చుక్క తన దుడ్డె వైపు తిరిగింది. ఇప్పుడు దాని రెండో పక్క కనిపిస్తోంది. నందిని ఊరికే ఇంకో ఫోటో తీసింది. అంకె చూసి, కెమెరా అద్దం తుడిచి, మళ్లీ తీసింది.

"ఎంత?" అంది సుశీలమ్మ.

"నాలుగు వందల అరవై రెండు."

"ఇంతకుముందు గంతలేదు గదా?"

"నాలుగు వందల ఆరుండె. అటు పక్క నుంచి."

సుశీలమ్మ కోడలి వైపు చిత్రంగా చూసింది. "బర్రె ఒక్కటే గదనే. ఎడమ దిక్కు నుంచి చూస్తే ఒక బరువు, కుడి దిక్కు నుంచి చూస్తే ఒక బరువు ఉంటదా?"

నందిని ఫోన్ దించింది. ఆ మాట ఎవరైనా అనగలిగిందే. రెండేళ్లలో ఆఫీసులో ఎవరూ అనలేదు, తనతో సహా. చుక్క అసలు బరువు ఎంతో ఇప్పటికీ తెలియదు. కానీ ఒక పక్క నుంచి ఎంత చెబితే రెండో పక్క నుంచీ అంతే చెప్పాలని తెలుసు. అది తెలియడానికి కాటా అక్కర్లేదు.

"అత్తమ్మా, దాన్ని కడుగుతవా జర?"

"నిన్ననే కడిగిన."

"మళ్ల ఒక్కసారి."

సుశీలమ్మ రెండు బకెట్ల నీళ్లు పోసింది. తడిసి నిగనిగలాడుతున్న బర్రెను నందిని మొదటి పక్క నుంచే ఫోటో తీసింది. మూడు వందల తొంభై వచ్చింది.

"అయ్యో, నీళ్లు పోస్తే పదహారు కిలోలు కరిగిందానే నా బర్రె!" అంది సుశీలమ్మ. మున్నా పాలు పోసి తిరిగొచ్చేసరికి తల్లీ భార్యా తబేలాలో గోడకు ఆనుకుని నవ్వుతున్నారు. అతనికి ఏమీ అర్థం కాలేదు. చాయ్ ఎవరూ పెట్టలేదని మాత్రం అర్థమైంది.

సోమవారం నందిని ఆఫీసులో కొత్త టెస్టులు రాసింది. ఒక్కో ఫోటోను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి మళ్లీ యాప్‌కు ఇచ్చింది. వెలుతురు కాస్త తగ్గించి ఇచ్చింది. అంకె పెద్దగా మారకూడదు. అంతే షరతు. మధ్యాహ్నానికి తెర మీద, టెస్టు తప్పినట్టు, ఆరు వందలకు పైగా ఎర్ర గీతలు వచ్చాయి.

పురుషోత్తం చెడ్డవాడు కాదు. పదో తారీఖున ఒక జిల్లాలో పశువైద్య శిబిరాల్లో ఈ యాప్ వాడతామని పైవాళ్లు ఒప్పుకుని ఉన్నారు, అదీ అతని కంగారు. "నీ టెస్టులే తప్పేమో చూసుకో నందిని," అన్నాడు. "లేదంటే కరెక్ట్ ఎంతో చెప్పు, ఫిక్స్ చేయిస్తా."

"కరెక్ట్ ఎంతో నాకు తెల్వదు సర్. కానీ రెండూ కరెక్ట్ కావు, అది తెలుసు."

"అట్లా అంటే ఎట్లా? సగటున బాగానే వస్తోంది కదా."

 వాదించడం నందినికి చేతకాదు. సీటుకు వచ్చి కూర్చుంది. సగటు అన్న మాటకు ఏం జవాబు చెప్పాలో ఇంటికి వెళ్లేదాకా ఆలోచిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం తబేలాలో సుశీలమ్మ పాలు పితుకుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది. జరిగింది చెప్పింది. సుశీలమ్మ చేతులు ఆడుతూనే ఉన్నాయి. బకెట్ సగం నిండాక నోరు విప్పింది.

"మున్నా ఆరేండ్ల పిలగాడప్పుడు. మంచి దుడ్డె ఉండె మనకు. దానికి నట్టలు పడ్డయి. బరువెంత ఉంటదని మందుల దుకాన్ల అడిగిండ్రట, మీ మామ అందాజుగ చెప్పిండు. కడుపు ఉబ్బి బొద్దుగ కనపడుతుండె గదా, ఎక్కువ చెప్పిండు. మందు పోసిన గంటకు నోట్ల నురుగు. పొద్దుగూకకముందే పోయింది."

నందిని పీట దగ్గరికి జరుపుకుంది.

"ఆయన దాని పక్కనే కూసున్నడు. అన్నం తినలే. అప్పటిసంది ఒక్క జీవానికి గూడ తన చేతుల మందు పొయ్యలే. నన్నే పొయ్యమంటుండె. నాకు భయం లేదా? నాకూ భయమే. కానీ ఆయన మొఖం చూడలేక పోసేదాన్ని." ఆమె బర్రె పొదుగు మీద నీళ్లు చల్లి తుడిచింది. "గా సంగతి ఎవ్వరికి చెప్పలే. నీకే చెప్తున్న. మీ సార్‌కు బర్రెలున్నయా?"

"లేవత్తమ్మా."

"గదీ సంగతి," అంది సుశీలమ్మ.

మర్నాడు యాప్ విడుదల కాగితం మీద టెస్టర్ 'పాస్' అని పెట్టాల్సిన చోట నందిని పెట్టలేదు. పురుషోత్తం గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది. "సగటు బాగుందన్నరు సర్. సగటు బర్రెకు ఎవరూ మందు పొయ్యరు. ఒక్కో బర్రెకు పోస్తరు. నేను పాస్ పెట్టలేను. మీరు పెట్టాలనుకుంటే మీ పేరుతో పెట్టుకోండి."

నందిని బయటికొచ్చేసింది. వాష్‌రూంలో మొహం కడుక్కుంటుంటే కీర్తిప్రియ వెనకాలే వచ్చింది. ఫోటోలతో ప్రోగ్రాంకు బరువులు నేర్పించింది ఆ అమ్మాయే. ఇరవై నాలుగేళ్లుంటాయి. పోట్లాడుతుందేమో అనుకుంది నందిని.

"ఆ ఎర్రగా వచ్చిన ఫోటోలు నాకు పంపక్కా," అంది కీర్తిప్రియ.

రెండు రోజుల్లో కారణం దొరికింది. కాటా మీద తూచిన పశువుల ఫోటోలు రెండే చోట్ల తీశారు. ఒకటి పెద్ద ఫారం. బాగా మేపిన, బరువైన బర్రెలు. అక్కడ కాటా గేటు ఉన్న తీరువల్ల అన్నీ కుడి పక్కే కెమెరాకు కనిపించాయి. రెండోచోట చిన్న నాటు బర్రెలు. అక్కడ అన్నింటికీ ఎడమ పక్క. పక్కను చూసే బరువు చెప్పడం ప్రోగ్రాం నేర్చుకుంది.

"నేనే దగ్గరుండి తీయించిన ఫోటోలక్కా," అంది కీర్తిప్రియ. "ఒక్కసారి కూడా తట్టలే." ఏడుపు ఆపుకుంటోందని నందినికి తెలిసింది. తన డబ్బాలోని పులిహోర సగం ఆమె ప్లేటులో పెట్టింది. ఏమని ఓదార్చాలో తెలియనప్పుడు నందిని చేసే పని అదే.

పురుషోత్తం ఆ ఫోటోలన్నీ చూశాడు.  తర్వాత పైవాళ్లకు ఫోన్ చేసి, శిబిరాలు ఆరు వారాలు వాయిదా వేయమన్నాడు. ఆ ఫోన్‌లో ఎంతసేపు మాట పడ్డాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ తప్పు దిద్దారు. కుడిఎడమలు మార్చినా అంకె మారడం లేదు. అయినా నందిని మనసు ఒప్పుకోలేదు. రెండు పక్కల నుంచీ ఒకే తప్పు చెబితే? తబేలాలో చుక్క కంటే బూరమ్మ అనే ఇంకో బర్రె బరువని యాప్ అంటోంది. అదే సుశీలమ్మను అడిగింది.

"కిలోలు నాకేం తెల్సు?" అంది సుశీలమ్మ. "పాలైతే లీటర్లు చెప్త. కానీ బూరమ్మ కంటే చుక్కనే బరువు. నీ ఫోన్‌కు బూరమ్మ కడుపు కనపడుతది. కడుపు కుడితి తాగినా ఉబ్బుతది. గిక్కడ చూడు." చుక్క ముందు కాలి వెనక ఛాతీ మీద అరచేయి ఆనించింది. "బరువు గిక్కడ ఉంటది."

ఎంత అంటే చెప్పలేదు. రెండింట్లో ఏది ఎక్కువంటే చెబుతుంది. నందినికి అది చాలు. పురుషోత్తం ఒప్పుకున్నాక, రెండేసి బర్రెల ఫోటోలు పక్కపక్కన పెట్టి రెండు వందల జతలు చేసింది. సాయంత్రం పాలు పితికాక సుశీలమ్మ గోనెసంచి పరుచుకుని, లాప్‌టాప్ ముందు కళ్లద్దాలు పెట్టుకుని కూర్చునేది. "గిది." "గది." "చీకట్ల తీసిండ్రు, చెప్పరాదు." రోజుకు ఇరవై జతలు. మధ్యమధ్య బర్రెల గురించి వ్యాఖ్యానం కూడా ఉండేది. "దీన్ని ఎవరో సరిగ్గ మేపుతలేరు." "గిది సూడి కట్టింది, నాలుగో నెల ఉంటది." నందిని అవి కూడా రాసుకునేది.

నందిని టెస్టర్ కదా. ఎవరినీ ఒక్కసారికే నమ్మదు. అయిదో రోజు, ముందు చూపించిన జతలే కొన్ని, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ మార్చి మధ్యలో కలిపింది. మూడో జత దగ్గర సుశీలమ్మ కళ్లద్దాలు తీసింది.

"గీ బర్రెలను మొన్న చూపించినవ్ గదా? అటుదిటు పెట్టినవ్."

నందినికి మొహం ఎర్రబడింది.

"నన్ను గూడ చెక్ చేస్తున్నవా?"

"అత్తమ్మా, అంటే... నీ మీద నమ్మకం లేక కాదు."

 సుశీలమ్మ కోడలి జుట్టులో చిక్కుకున్న గడ్డిపోచ తీసి పారేసింది. "చెయ్యి. మీ మామ గూడ సంతల గట్లనే చేస్తుండె. ఒక బర్రెను చూపించి ఎట్లుందని అడుగుతుండె. సంతంత తిప్పుకొచ్చి మళ్ల గదే బర్రె కాడికి తీస్కపోయి, ఇదెట్లుందని అడుగుతుండె. నాకు తెల్వదనుకునేటోడు." ఆమె కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "తెల్సే జవాబు చెప్పేదాన్ని. ముందు ఏం చెప్పిన్నో గదే. కావాలంటే సగం జతలు మళ్ల చూపియ్యి. ఫికర్ లేదు."

నందిని నిజంగానే మళ్లీ చూపించింది. జతల్లో అరవైకి కాటా బరువులు కంపెనీ దగ్గర ఉన్నాయి. ఆ సంగతి సుశీలమ్మకు చెప్పలేదు. వాటిలో యాభై మూడు సరిగ్గా చెప్పింది. ఆవుల జతలు పెడితే సగానికి పైగా తప్పింది. "ఆవులు నేనెప్పుడు సాకినా?" అంది ఏమాత్రం నొచ్చుకోకుండా. నందిని ఆవులను ఆ టెస్టుల నుంచి తీసేసింది. బర్రెల విషయంలో సుశీలమ్మ గట్టిగా చెప్పిన జతల్లో యాప్ ఎక్కడ ఎదురు చెబుతోందో చూస్తే, దాదాపు అన్నీ కడుపు ఉబ్బిన బర్రెలే. కీర్తిప్రియ ఒక శనివారం గౌలిపుర వచ్చి, తబేలాలో సుశీలమ్మ పక్కన నిలబడి, ఛాతీ ఎక్కడ చూడాలో చేయి పెట్టించుకుని నేర్చుకుని వెళ్లింది. వెళ్లేముందు రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

ఆరు వారాలు తొమ్మిదయ్యాయి. చివరికి యాప్ శిబిరాలకు వెళ్లింది. ఇప్పుడది ఒక్క అంకె చెప్పదు, ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చంటుంది. రెండు పక్కల ఫోటోలూ అడుగుతుంది. రెంటికీ పొంతన లేకపోతే చెప్పలేనంటుంది. చెప్పలేనంటే ఎవరు వాడతారని పైవాళ్లు గొణిగారు. శిబిరంలో పనిచేసిన డాక్టర్ భిక్షపతి మాత్రం, చెప్పలేనన్న చోట తాను తాడుతో ఛాతీ కొలుచుకున్నానని, అది నయమని రాశాడు. మొదటి నెలలో మూడు వందల పశువులకు మందు పోశారు. ఒక్కదానికీ ఏమీ కాలేదు. అది యాప్ గొప్పదనమో, డాక్టర్ జాగ్రత్తో నందినికి తెలియదు. రిపోర్టులో తెలియదనే రాసింది.

ఆమె జీతం పెరగలేదు. కుర్చీ మారలేదు. ఇంట్లో మాత్రం కొన్ని మారాయి. ఆమె పొద్దున అరగంట ముందు లేచి తబేలాలో దాణా కలుపుతోంది. సుశీలమ్మ సాయంత్రం ఆటో చప్పుడు వినగానే, "ఇయ్యాల ఎన్ని ఎర్రగ వచ్చినయే?" అని లోపల్నుంచే అడుగుతోంది. ఎక్కువ వచ్చాయంటే సంతోషిస్తుంది. దొరికినయి గదా అంటుంది.

పోయిన నెల కంపెనీ మేకల బరువు కూడా చెప్పిద్దామంది. నందిని ఫోటోలు తెచ్చి చూపిస్తే సుశీలమ్మ లాప్‌టాప్ పక్కకు జరిపింది. "మేకల సంగతి నాకు తెల్వదు. జియాగూడల సోమయ్య అని ఉండాలె, మీ మామ దోస్తు. పోదాం పా."

ఆదివారం ఇద్దరూ ఆటోలో జియాగూడ మేకల మండీకి వెళ్లారు. మేకల అరుపులో ఎవరి మాటా వినిపించడం లేదు. సోమయ్యకు డెబ్బై దాటాయి. విషయమంతా విని ఫోన్‌లో మేక ఫోటో చూశాడు, నెమ్మదిగా తల అడ్డంగా తిప్పాడు.

"మేకను కండ్లతోని చూస్తే తెల్వదమ్మా. బొచ్చు మోసం చేస్తది. చెయ్యి పెట్టాలె." ఒక మేకను కాళ్ల మధ్య ఇరికించి, దాని నడుం మీద బొటనవేలు నొక్కాడు. "గిట్ల. ఎముకకు, వేలికి నడుమ ఎంత మాంసం ఉందో చూడాలె."

సుశీలమ్మ ముందు నొక్కి చూసింది. తర్వాత నందిని. ఆమెకు ఏమీ తెలియలేదు. బొచ్చు, వెచ్చదనం, కింద గట్టిగా ఏదో.

"ఇంకోదాన్ని పట్టియ్యి సోమన్నా," అంది సుశీలమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "నా కోడలికి ఒక్కదాంతోని సమజ్ కాదు. రెండు కావాలె."

సోమయ్య ఇంకో మేకను లాక్కొచ్చాడు.